ప్లాన్ పెంచే ముందు రూటర్ని కదపండి

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు రూటర్ని ఎక్కడ బిగిస్తాడో గమనించారా? వైరు ఇంట్లోకి ఎక్కడ దూరితే అక్కడే, అంటే కిటికీ పక్కనో, గుమ్మం పైనో, టీవీ వెనకో. పక్కన ప్లగ్ పాయింట్ ఉంటే చాలు. అతనికి వైరు మిగలాలి, తర్వాతి ఇంటికి పోవాలి. ఆ మూలన ఉన్న రూటర్ తన సిగ్నల్లో చాలా భాగం వీధికీ పక్కింటికీ పంచేసి, మిగిలిన దానితో రెండు మూడు గోడలు దాటి మన వెనక బెడ్‌రూమ్‌కి రావాలి. అక్కడ వీడియో ఆగి ఆగి వస్తుంటే మనం 100 ఎంబీపీఎస్ చాలట్లేదనుకుని 300 ప్లాన్ తీసుకుంటాం. బిల్లు పెరుగుతుంది, బెడ్‌రూమ్‌లో మాత్రం ఎక్కడి చక్రం అక్కడే తిరుగుతుంది.

అసలు తక్కువైంది నెట్టా, వైఫైయా అన్నది ముందు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే తక్కువొస్తే ఆపరేటర్‌కి ఫోన్ కొట్టండి. అక్కడ సరిగ్గా వచ్చి మంచం మీద రాకపోతే గొడవ మన ఇంట్లోనే ఉంది. ఈ టెస్ట్‌లో ఇంకో తిరకాసు ఉంది. కేబుల్‌లో 8 తీగలుంటాయి, క్లిప్పు వేసేవాళ్లు కొన్నిసార్లు నాలుగే కలుపుతారు, అప్పుడు 300 ప్లాన్ ఉన్నా వంద దాటదు. కొన్ని చౌక రూటర్ల పోర్టులు కూడా అంతే. డౌన్‌లోడ్‌లో సెకనుకి 12 ఎంబీ చూపిస్తోందని కంగారు పడే వాళ్లుంటారు, వంద ఎంబీపీఎస్ అంటే అంతే మరి, ఎంబీపీఎస్ లెక్క బిట్లలో, ఎంబీ లెక్క బైట్లలో, 8 బిట్లు కలిస్తే ఒక బైట్.

ఇక సిగ్నల్. ఫోన్ మీద కనిపించే గీతల్ని నేను నమ్మను. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్ వేసుకుంటే సిగ్నల్‌ని డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో చూపిస్తుంది. రూటర్ పక్కన -40 దగ్గర ఉంటుంది, -65 వరకు హాయిగా నడుస్తుంది, -75 దాటితే వీడియో కాల్‌లో మాటలు తెగిపోతాయి. ఇది మామూలు లెక్క కాదు, 10 తగ్గితే బలం పదో వంతుకి పడిపోతుంది. అంటే -50 నుంచి -80కి వచ్చామంటే అందుతున్నది వెయ్యో వంతే. యాప్ తెరిచి ఇల్లంతా ఒక చుట్టు తిరగండి, ఎక్కడ ఏ గోడ మింగేస్తోందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

మన ఇళ్లు వైఫైకి అంత అనుకూలమైనవి కావు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వల స్లాబు, గోడకి ఆనించిన బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. ఇనుము సిగ్నల్ని వెనక్కి కొడుతుంది, అద్దం వెనకున్న లోహపు పూతా అంతే. నీళ్లు పీల్చేసుకుంటాయి, కాబట్టి అక్వేరియం పక్కన రూటర్ పెట్టకండి. డ్యూప్లెక్స్ ఇళ్లలో పై అంతస్తుకి స్లాబు దాటి వెళ్లేది చాలా తక్కువ, మెట్ల దారిలోంచే ఎక్కువ పోతుంది, అందుకని మెట్లకి ఎదురుగా పెట్టి చూడండి. యాంటెన్నా కొన వైపు సిగ్నల్ తక్కువ, పక్కలకి ఎక్కువ. ఒకే అంతస్తైతే నిలువుగా ఉంచండి, పైకి కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

రూటర్లు మామూలుగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల తరంగాల మీద పనిచేస్తాయి: 2.4, 5 గిగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. 5 గిగాహెర్ట్జ్ తరంగం గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది కానీ వేగం ఎక్కువ, చోటూ ఎక్కువ. గోడలకి తగిలి తిరిగొచ్చిన తరంగాలు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే ఫోన్‌ని బెత్తెడు జరిపితే ఒక్కోసారి స్పీడ్ మారిపోతుంది. అదేమీ భ్రమ కాదు.

నిజానికి అపార్ట్‌మెంట్లలో గోడల కన్నా పెద్ద తలనొప్పి పక్కవాళ్లు. వాళ్ల తప్పేం లేదనుకోండి. ఒక్కో బ్యాండ్‌ని చానెళ్లు అనే దారులుగా విడగొడతారు, 2.4లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టూ ఇరవై రూటర్లుంటే అందరూ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. వైఫై పరికరం ఏదైనా మాట్లాడే ముందు గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో విని, ఖాళీ దొరికాకే పంపుతుంది. తెలివి ఉపయోగించి 3వ చానెల్ పెట్టుకుంటే 1 వాళ్లకీ 6 వాళ్లకీ కూడా రొద తప్ప మనకి ఒరిగేది లేదు. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది కూడా 2.45 దగ్గరే, దాని నుంచి బయటికి కారే కాస్త తరంగం కూడా వైఫైని చెడగొట్టడానికి చాలు. 5లో ఈ బాధ తక్కువ. 2018లో మన ప్రభుత్వం ఆ బ్యాండ్‌లో లైసెన్సు అక్కర్లేని జాగాని 605 మెగాహెర్ట్జ్‌కి పెంచింది, 2.4లో ఉన్నది 83.5 మాత్రమే. అయినా చాలా ఫోన్లు పాత అలవాటుగా 2.4నే పట్టుకుని వేలాడతాయి, రూటర్ సెట్టింగ్స్‌లో రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి టీవీకీ ల్యాప్‌టాప్‌కీ 5 ఇవ్వడం నయం.

చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది. దూరపు గదిలో సిగ్నల్ అందని ఫోన్ తాను నెమ్మదించడమే కాదు, ఇంట్లో అందరినీ నెమ్మదింపజేస్తుంది. బ్యాంకు కౌంటర్ దగ్గర ముందున్నాయన చిల్లర లెక్కపెడుతుంటే వెనకున్న వాళ్లంతా ఆగిపోయినట్టే. సిగ్నల్ బలహీనమైతే పరికరాలు వేగం తగ్గించి మాట్లాడుకుంటాయి. 300 ఎంబీపీఎస్ వేగంతో పోయే డేటా 6తో పోతే గాలిని 50 రెట్లు ఎక్కువసేపు ఆక్రమిస్తుంది. పెరట్లో కూర్చుని రీల్స్ చూసే తమ్ముడి వల్ల హాల్లో రూటర్ పక్కనే ఉన్న నాన్న మ్యాచ్ ఆగిపోవడం ఇలాగే జరుగుతుంది.

దీనికి పెద్ద యాంటెన్నాల రూటర్ కొనేస్తే పోతుందనుకుంటారు. రూటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ గొంతు చిన్నదే, దాని జవాబు తిరిగి రూటర్‌కి చేరాలి కదా. చౌక రిపీటర్‌దీ అదే కథ, ఒకే చానెల్లో విన్నదాన్నే మళ్లీ చెప్పడంతో వేగం దాదాపు సగమవుతుంది. పైగా జనం దాన్ని తీసుకెళ్లి సిగ్నల్ రాని గదిలోనే పెడతారు, రాని సిగ్నల్ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? పెడితే దారి మధ్యలో, ఇంకా -60 ఉన్నచోట పెట్టాలి. మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే డబ్బాల జత కొనేవాళ్లు కూడా రెండు డబ్బాల మధ్య ల్యాన్ వైరు లాగగలిగితే ఇక తిరుగుండదు. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వాటికి వైరే ఇచ్చేయండి, ఫోన్లకి గాలి ఖాళీ అవుతుంది.

ఇవేమీ కొనకముందే ఆపరేటర్ని ఒక మాట అడగండి, ఫైబర్ని ఇంటి మధ్య వరకు లాగమని. ఇంకో 15 మీటర్లు పెరిగినంత మాత్రాన ఫైబర్‌లో నష్టం లెక్కలోకి కూడా రాదు, కొత్త వైరుకీ కూలికీ కొంత తీసుకుంటారంతే. లాగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి, తలుపు సందులో నలిగినా మూల దగ్గర గట్టిగా మడతపడినా వెలుతురు బయటికి కారిపోయి డబ్బా మీద LOS (సిగ్నల్ పోయిందని గుర్తు) అని రాసున్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంది.