శాలువా అంచుకు ఎంత దారం కావాలి?

ధర్మవరం పట్టుచీర కొనగానే కొంగుకు కుచ్చులు వేయించుకుంటాం. అందం సరే, అసలు పని వేరే ఉంది. కొసన వదులుగా వేలాడే పడుగు దారాలను గుత్తులుగా ముడివేస్తే పేక జారిపోదు.

సూదులతో అల్లిన ఊలు శాలువాకు పడుగూ లేదు, పేకా లేదు. ఒకటే దారం మెలికలు తిరుగుతూ పోతుంది. కింది వరుస ఉచ్చుల్ని పై వరుస పట్టుకుంటుంది. ఆఖరి వరుసను పట్టుకునే దిక్కు లేదు. అందుకే రెండు కుట్లు (సూది మీది ఉచ్చులు) అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి సూది నుంచి దించేస్తాం. ఇలా చివరిదాకా మూస్తే అంచున సన్నని జడ వస్తుంది.

అనంతపురం ఎండల్లో శాలువా ఏమిటని మా ఇంట్లో నవ్వారు. నిజానికి నవ్వాల్సింది దాని అంచును చూసి. నడుమంతా మెత్తగా సాగుతుంటే, అంచు మాత్రం లాడా లాగి బిగించినట్టు ముడుచుకుపోయింది.

అల్లిక సాగడమంటే దారం సాగడం కాదు. లాగినప్పుడు ఉచ్చుల వంపు విప్పుకుని పక్కకు పరుచుకుంటుంది. జడ అంచులో ఉచ్చులు పక్కకు ఒరిగి ఉంటాయి, విప్పుకోవడానికి మిగులు దారం తక్కువ. కాస్త లావు సూదితో మూస్తే కొంత నయం.

నాకు నచ్చింది మాత్రం పికో అంచు. కొత్తగా 2 కుట్లు ఎక్కించి, వెంటనే 4 కుట్లు మూయాలి. మిగిలిన ఒక్క కుట్టును ఎడమ సూదికి మార్చి మళ్లీ మొదలు. ప్రతిసారీ ఒక చిన్న మొన లేస్తుంది. ఆ మొనల్లో దాగిన దారమే అంచుకు సాగే గుణం ఇస్తుంది. ఖర్చూ ఉందండోయ్! 300 కుట్ల అంచుకు 150 మొనలు, దాదాపు 600 సార్లు దించడం. ఉండలో దారం ముందే చూసుకోకపోతే సగంలో ఆగిపోతాం.

తర్వాత శాలువాను నానబెట్టి, నీళ్లు ఒత్తేసి, ఒక్కో మొనకూ గుండుసూది గుచ్చి పరచాలి. గొర్రె ఊలులోని కెరటిన్ అనే ప్రోటీన్‌లో ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీటికి వదులై, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ పడతాయి. బజారులో ఊలు పేరుతో అమ్మే అక్రిలిక్ దారానికి ఈ కిటుకు పనిచేయదు. మన వేసవిలో ఆరడానికి ఎక్కువసేపేమీ పట్టదు. కానీ గుండుసూదులు పారేయకండి, మళ్లీ ఉతికితే మొనలు వాలిపోతాయి.