నిషేధం పడింది, రికార్డు ఉంది: చెప్‌న్‌గెటిచ్ వివాదం వెనక మార్చి 14

మహిళల మారథాన్ ప్రపంచ రికార్డు ఎవరిదని ఇప్పుడు అడిగినా రూత్ చెప్‌న్‌గెటిచ్ పేరే చెప్పాలి. 2025 అక్టోబర్ 23న డోపింగ్ కేసులో ఆమెపై మూడేళ్ల నిషేధం పడింది. అంతకు దాదాపు ఏడాది ముందు చికాగోలో పరుగెత్తిన 2:09:56 మాత్రం చెక్కుచెదరలేదు. దొరికిపోయిన మనిషి రికార్డును ఎలా ఉంచుతారని గొడవ మళ్లీ రాజుకుంది.

ఆమె కెన్యాలో ఎలా పైకొచ్చిందో, 2019లో దోహా ఉక్కలో అర్ధరాత్రి ప్రపంచ విజేత ఎలా అయిందో తెలిసిన సంగతులే. నేరుగా 2024 అక్టోబర్ 13కి వద్దాం. ఆ రోజు చికాగోలో మొదటి 5 కిలోమీటర్లు 15 నిమిషాల్లో అయిపోయాయి. సగం దూరం 1:04:16. అంతకుముందు హాఫ్ మారథాన్‌లో ఆమె అత్యుత్తమ సమయం 1:04:02. అంటే హాఫ్ మారథాన్‌ను దాదాపు ప్రాణం పెట్టి పరుగెత్తే వేగంతో పూర్తిచేసి, ఆగకుండా ఇంకో సగం 1:05:40లో ముగించింది. రెండో స్థానంలో వచ్చిన ఇథియోపియా రన్నర్ సుతుమే కెబెడె సమయం 2:17:32. ఏడున్నర నిమిషాల తేడా! ఇథియోపియాకే చెందిన టిగ్‌స్ట్ అసెఫా పేరిట ఉన్న 2:11:53 రికార్డు ఒక్క దెబ్బకు దాదాపు రెండు నిమిషాలు కిందికి దిగింది.

పరుగు ముగిశాక విలేకరుల సమావేశంలోనే ఒక అమెరికన్ జర్నలిస్టు డోపింగ్ ప్రశ్న వేశాడు. తనకేమీ తెలియదని, జనం అన్నాక ఏదో ఒకటి మాట్లాడతారని ఆమె తేల్చేసింది. ఆ దేశ సమాఖ్య అథ్లెటిక్స్ కెన్యా ఆమెకు అండగా నిలిచి ఆరోపణలను ఖండించింది. డిసెంబర్‌లో అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ రికార్డును ఆమోదించింది. అడిగినవాడే తప్పు చేసినట్టు కొన్నాళ్లు వాతావరణం ఉండేది.

2025 మార్చి 14న తీసుకున్న మూత్రం శాంపిల్‌లో హైడ్రోక్లోరోథయజైడ్ బయటపడింది. బీపీకి, ఒంట్లో నీరు చేరినప్పుడు వాడే మామూలు బిళ్ల ఇది. కాళ్లకు బలమేమీ ఇవ్వదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసి, వేరే మందుల జాడను పలచబరచగలదు కాబట్టే ఎప్పుడూ వాడకూడని జాబితాలో ఉంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే ప్రయోగశాల ఫిర్యాదు చేయాలి. ఆమె శాంపిల్‌లో ఉన్నది 3,800.

ఏప్రిల్‌లో, ఈ క్రీడలో డోపింగ్ కేసులు చూసే అథ్లెటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్ అధికారులు అడిగినప్పుడు ఎలా వచ్చిందో చెప్పలేకపోయింది. జూలై చివర్లో జ్ఞాపకం వచ్చింది: పరీక్షకు రెండు రోజుల ముందు ఒంట్లో బాగాలేక ఇంట్లో పనిచేసే ఆమె మందు వేసుకున్నానని, అదేమిటో చూసుకోలేదని. ఆ మందు ఫొటో కూడా పంపింది. పేరు దాని మీదే ఉంది. ఇలాంటి మందుకు సాధారణంగా రెండేళ్లే పడతాయి. కానీ మారథాన్‌లో ఇంత అనుభవమున్న మనిషి ఎవరి బిళ్లో చూడకుండా మింగడం తెలిసి చేసిన నిర్లక్ష్యమేనని, ఉద్దేశపూర్వకం కింద లెక్కించి యూనిట్ నాలుగేళ్లు కోరింది. అభియోగం మోపాక వెంటనే ఒప్పుకున్నందుకు ఒక ఏడాది తగ్గింది. నిషేధం 2025 ఏప్రిల్ 19 నుంచి లెక్క.

నిబంధన ప్రకారం ఫలితాలు రద్దయ్యేది శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి. అందుకే మార్చి 14 దగ్గర గీత పడింది. గీతకు ఇవతలివి పోయాయి, అవతలివి మిగిలాయి. చికాగో గీతకు అవతల ఉంది. ఆమె వైపు వాళ్లు పట్టుకున్న వాదన ఇదే, కాగితం మీద దానికి తిరుగు లేదు కూడా.

అయితే ఆ గీత వెనక్కి జరగదనుకుంటే పొరపాటు. ఈ వ్యవహారమంతా అర్థం కావాలంటే 2016 అక్టోబర్‌లో రీటా జెప్టూ కేసులో వచ్చిన తీర్పు చూడాలి. జెప్టూ కూడా కెన్యా మారథాన్ తారే. రక్తంలో ఎర్రకణాలను పెంచే ఈపీఓ అనే మందుతో దొరికింది 2014 సెప్టెంబర్ శాంపిల్‌లో. అథ్లెటిక్స్ కెన్యా రెండేళ్లు వేసి ఊరుకుంది. అంతర్జాతీయ సమాఖ్య క్రీడా వివాదాల కోర్టుకు వెళ్లింది. డాక్టరు దగ్గరికి పదేపదే వెళ్లడం, పోటీల తేదీలకు తగ్గట్టు మందు పడటం, ఏజెంటుకు, కోచ్‌కు తెలియకుండా దాచడం చూసి, ఇది ఒక పథకమేనని కోర్టు తేల్చింది. శిక్ష నాలుగేళ్లయింది. గీత సెప్టెంబర్ నుంచి వెనక్కి, అదే ఏడాది ఏప్రిల్ 17కు జరిగింది. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 21న, ఆమె గెలిచిన బోస్టన్ మారథాన్ కూడా కొట్టుకుపోయింది.

రష్యా రన్నర్ లిలియా షోబుఖోవాకు ఇంకా ఘోరం. రక్తపు లెక్కలను ఏళ్ల తరబడి పోల్చి చూసే బయలాజికల్ పాస్‌పోర్టులో చిక్కి, 2009 అక్టోబర్ 9 నుంచి అన్ని ఫలితాలూ పోగొట్టుకుంది. చికాగోలో వరుసగా మూడుసార్లు గెలిచిన మొదటి మహిళ అనిపించుకున్న ఆమె పేరు అక్కడి విజేతల పట్టికలోనే లేకుండా పోయింది. చెప్‌న్‌గెటిచ్ చికాగో గెలుపులూ మూడే. లండన్ మారథాన్ నిర్వాహకులు షోబుఖోవాకు ఇచ్చిన 3,77,961 పౌండ్లు తిరిగి రాబట్టడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది.

తీర్పులు వెనక్కి వెళ్లినంత తేలిగ్గా డబ్బు వెనక్కి రాదు. బోస్టన్‌లో జెప్టూ వెనక వచ్చిన బుజునెష్ దెబా 2:19:59తో విజేత అయింది, కోర్సు రికార్డు కూడా ఆమెదే అయింది. రావాల్సిన నజరానా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. చివరికి 2024లో సంబంధం లేని ఒక దాత తన జేబులోంచి 75 వేల డాలర్లు ఇచ్చాడు. రికార్డు ఉంటే ఎవరికేం నష్టమని అడిగేవాళ్లు దెబాను అడిగి చూడాలి.

చెప్‌న్‌గెటిచ్ కేసులో గీతను జరపగలిగేది ఆమె ఫోన్. దర్యాప్తులో అందులో అనుమానాస్పద సమాచారం దొరికిందని, హైడ్రోక్లోరోథయజైడ్ కేసు ముగిసినా దాని మీద విచారణ సాగుతుందని యూనిట్ ప్రకటించింది. జెప్టూను పట్టించింది కూడా ఒక్క శాంపిలే కాదు కదా, చుట్టూ ఉన్న ఆనవాళ్లు. ప్రస్తుతానికి చికాగో పరుగు మీద రుజువైంది ఏమీ లేదు. అసెఫా 2:11:53 రెండో వరుసలో ఉంది.

డోపింగ్ కేసు పెట్టడానికి ప్రపంచ నియమావళిలో గడువు పదేళ్లు. చికాగో పరుగు విషయంలో అది 2034 అక్టోబర్ దాకా ఉంటుంది. ఆమె నిషేధం మాత్రం 2028 ఏప్రిల్‌లోనే తీరిపోతుంది.