బిల్లే లేని చోట గడువు ఎక్కణ్ణుంచి?

పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు బయట ఓ పెద్దాయన కలిశాడు. పాత లాయరు ఫీజు ఎక్కువ గుంజాడని, కొంతైనా రాబట్టాలని కొత్త లాయరు కోసం తిరుగుతున్నాడు. "మొత్తం ఎంతిచ్చారండీ?" అంటే వేళ్లు మడిచాడు. వకాలత్ మీద సంతకం రోజున కొంత, స్టే వచ్చినప్పుడు కొంత, వాయిదా వాయిదాకీ గుమస్తా చేతిలో ఇంత. ఒక్క రసీదూ లేదు. చివరిసారి ఇచ్చింది 2019లో. దావా వేసే గడువు దాటిందేమో అంటే, "బిల్లే ఇయ్యలే, గడువెట్ల దాటుతది?" అన్నాడు.

బిల్లు నుంచి గడువు లెక్కపెట్టే పద్ధతి ఉంది, కాకపోతే ఇంగ్లండులో. సంతకం చేసిన బిల్లు ఇచ్చి, నెల ఆగాకే ఫీజుకు దావా వెయ్యాలని 1729లోనే అక్కడి అటార్నీలకు చట్టం పెట్టారు. 1974 సొలిసిటర్స్ చట్టం ప్రకారం నెలలోపు అడిగితే బిల్లు తనిఖీ చేయించుకోవడం క్లయింటు హక్కు. ఆ తర్వాత ఏడాది వరకు కోర్టు ఇష్టం. బిల్లు కట్టేసి ఏడాది దాటితే ఆ తలుపు మూసుకున్నట్టే.

మన దగ్గర అలాంటి బిల్లు గడువే లేదు. ఇద్దరూ మాట్లాడుకున్నదే ఫీజు అని, ఇవ్వకపోతే లాయరు దావా వేయొచ్చని 1926 నాటి లాయర్ల ఫీజుల చట్టం చెప్పింది. ఎక్కువ తీసుకున్నాడని క్లయింటు దావా వేయాలంటే దావాలకు గడువు పెట్టే మామూలు లిమిటేషన్ చట్టమే దిక్కు: సాధారణంగా డబ్బు ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు. దావాలకు ఆలస్యాన్ని మన్నించే వీలు లేదు. అవతలివాడు నోరెత్తకపోయినా గడువు దాటిన దావాను కోర్టు కొట్టేయాల్సిందే. కరోనా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కదా అనుకున్నా, ఈయన గడువు 2024 దాటదు.

ఎందుకు ఆగాడంటే, ఫైలు లాయరు దగ్గరుంది. కేసు నడుస్తుండగా ఫీజు గొడవ ఎవరు పెట్టుకుంటారు? ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ సంగతి కోర్టు మెట్ల దాకా ఇంకా రాలేదు.

వినియోగదారుల ఫోరం దారి 2024 మే 14 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. లాయరు సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావన్నారు. బార్ కౌన్సిల్ ఫిర్యాదుకు అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ గడువు పెట్టలేదు, కానీ ఆ సెక్షన్ కింద పడేది లాయరుకు శిక్షే: మందలింపు, సస్పెన్షన్, లేదా పేరు కొట్టేయడం.

గడువు ఆపేది మనం వేసే దావానే, మన మీద కేసు పడితే చెప్పుకునే జవాబును కాదు. తెలంగాణలో ఒకామెకు భర్త ప్రమాదంలో పోయాక పరిహారం వచ్చింది. లాయరు పది లక్షలు తీసుకున్నాక, మరో పది లక్షలకు చెక్కు రాయించుకున్నాడని ఆమె వాదన. చెక్కు బౌన్సయింది, ఆమె మీదే కేసు పడింది. హైదరాబాద్ హైకోర్టు కొట్టేయనంది. 2017 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు కొట్టేసింది, వచ్చినదాంట్లో వాటాగా ఫీజు చెల్లదంది.

ఇదంతా విని పెద్దాయన, "అయితే ఆయనే నా మీద కేసెయ్యాలె" అన్నాడు.