“వాడి మేనమామకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి”: మాటల ఆలస్యంపై అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే మాట విన్నాను. మూడేళ్ల బాబును తీసుకుని అమ్మ, అమ్మమ్మ వచ్చారు. “వాడి మేనమామకు కూడా నాలుగో ఏట గానీ మాటలు రాలేదు మేడమ్. ఇప్పుడు శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. వీడికీ అవే వస్తాయి, కానీ అమ్మాయి టెన్షన్ పడుతోందని తీసుకొచ్చాం” అన్నారు అమ్మమ్మ.

బాబు వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. గిలక్కాయ ఆడించినా పలకలేదు. “వినపడక ఏం, చూడండి” అంటూ అమ్మమ్మ నా బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టారు. బాబు చటుక్కున తిరిగాడు. అమ్మ ముఖంలో అంతసేపూ లేని వెలుగొచ్చింది. బాబును బల్లకు దూరంగా ఒళ్లో కూర్చోబెట్టుకోమని, మళ్లీ అంతే గట్టిగా కొట్టమన్నాను. వాడు చేతిలోని బొమ్మకారు చక్రం తిప్పుకుంటూనే ఉన్నాడు. మొదటిసారి వాడి మోచేయి బల్లకు ఆనించి ఉంది. ఆ అదురు తెలిసింది చేతికి, చెవికి కాదు. రెండు రోజుల తర్వాత బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో తలకు తీగలు అతికించి చూసే పరీక్ష) చేస్తే రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం బయటపడింది.

ఇంట్లో పళ్లెం మోగించి, తలుపు ధడేల్మని వేసి “వినపడుతోంది” అని తేల్చేయకండి. తలుపు చప్పుడు తెలిసే పిల్లాడికి కూడా ‘స’, ‘ఫ’ లాంటి సన్నటి ధ్వనులు అందకపోవచ్చు. “మూడో నెలలో చక్కగా ఊ కొట్టాడు కదా” అంటారు. వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు. తమ గొంతు తమకే వినపడక ఆ తర్వాత క్రమంగా తగ్గిపోతుంది. “అప్పట్లో బాగానే అనేవాడు, ఈ మధ్యే మానేశాడు” అని ఎవరైనా చెబితే నాకు భయం వేసేది అందుకే.

ఆలస్యంగా మాట్లాడినా తర్వాత అందుకునే పిల్లలు ఉన్నారు, కాదనను. మీ పిల్లాడు ఆ కోవలోకి వస్తాడా లేదా అన్నది పోలికలు చెప్పలేవు, పరీక్షే చెప్పాలి. మేనరికం ఉన్న ఇంట్లో అయితే మరీ ఆగకూడదు. పుట్టుకతో వచ్చే చెవుడులో చాలా భాగం తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే జన్యులోపం బిడ్డకు చేరడం వల్ల వచ్చేదే. ఇద్దరికీ చక్కగా వినపడుతుండవచ్చు, ముందు పుట్టిన బిడ్డ బాగానే ఉండవచ్చు, అయినా రావచ్చు.

పుట్టిన నెలలోపు ఓఏఈ (చెవిలో చిన్న గొట్టం పెట్టి వినికిడిని ప్రాథమికంగా చూసే పరీక్ష), మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు హియరింగ్ ఎయిడ్, శిక్షణ మొదలు కావాలి. మాటను పట్టుకునే శక్తి మెదడుకు మొదటి మూడేళ్లలోనే ఎక్కువ. ఆ బాబుకు ఆ మూడేళ్లూ ఎదురుచూపుల్లోనే గడిచిపోయాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌కు (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ప్రభుత్వ పథకాల్లో వయసు పరిమితి కూడా ఉంటుంది. ఓఏఈలో “రిఫర్” వచ్చిందంటే చెవుడని కాదు, మళ్లీ చేయించాలని. “పాస్” అయినా తర్వాత మెనింజైటిస్ లాంటి జబ్బు చేస్తే ఇంకోసారి చూపించాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతారన్నది నానుడి మాత్రమే, మందు కాదు. పసిపిల్లలకు దానివల్ల వాంతులవుతాయి. నాలుక కింద తీగ కోయిస్తే మాటలు రావు. తీగ వల్ల కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు, అసలు మాటలే రాకపోవడం ఉండదు. చెవిలో నూనె పోయకండి. ఇంట్లో రెండు భాషలుంటే పిల్లలు తికమకపడి మాట్లాడరన్నదీ నిజం కాదు.

ఫోన్ సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. రెండేళ్ల లోపు అసలు ఇవ్వకూడదు, నిజమే. కానీ ఈ మధ్య ప్రతి ఇంట్లో నింద ఫోన్ మీదికి, అక్కణ్నుంచి తల్లి మీదికి పోతోంది. “నువ్వు ఫోన్ ఇచ్చావు కాబట్టే” అన్న మాట పడీ పడీ ఆ బాబు తల్లి నా గదిలో ఏడ్చేసింది. ఆర్నెల్లపాటు ఇంట్లో ఫోన్లు దాచారు గానీ, చెవి పరీక్ష చేయించాలని ఒక్కరికీ తట్టలేదు.

ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు “అమ్మ, పాలు” అని రెండు మాటలు కలపకపోయినా ముందు చెవులు చూపించండి. కళ్లలోకి చూడకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా అదీ చెప్పండి, ఆ పరీక్షలు వేరే ఉంటాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర ప్రభుత్వ పథకం) కింద జిల్లా ఆసుపత్రుల్లో పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లో (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసేవి) ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలకు పనిచేసే జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ ప్రాంతీయ కేంద్రం ఉంది.

బెరా నిద్రలో చేస్తాం. పరీక్షకు వచ్చే రోజు బిడ్డను పొద్దున్నే లేపండి, దారిలో బస్సులో కునుకు తీయనివ్వకండి. పాలు ఎప్పుడు పట్టాలో ముందే ఫోన్ చేసి అడగండి. వాడికి అలవాటైన దుప్పటి ఒకటి తెచ్చుకోండి.