వాటం తప్పని నీళ్ళు

రోమన్ల నీటి కాలువ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది వరుస మీద వరుసగా లేచిన రాతి కమానుల వంతెన. ఆ బొమ్మ అబద్ధం కాదు గాని, అసలు పనిలో అది చాలా చిన్న భాగం. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ రోము నగరానికి తెప్పించిన మొదటి కాలువ, ఆక్వా అప్పియా, సుమారు 16 కిలోమీటర్ల పొడవున దాదాపు పూర్తిగా నేల లోపలే సాగింది. ఆ తరువాత ఐదు శతాబ్దాలకు పైగా కాలంలో నగరానికి మొత్తం 11 కాలువలు ఏర్పడ్డాయి. వాటిలోనూ ఎక్కువ దూరం భూమి అడుగునే ఉంది. లోయ అడ్డం వచ్చినప్పుడో, నగరాన్ని సమీపించాక నీటి ఎత్తును నిలుపుకోవలసి వచ్చినప్పుడో మాత్రమే కమానులు కట్టేవారు. మోటార్లు లేని ఆ కాలంలో నీటిని నడిపించింది వాటం, అంటే కాలువ వాలు, ఒక్కటే.

ఆ వాటం ఎంత సన్నగా ఉండేదో తెలియాలంటే దక్షిణ ఫ్రాన్సులోని నీమ్ నగరపు కాలువను చూడాలి. ఉజెస్ దగ్గరి ఊటల నుంచి నీమ్‌కు కాకి ఎగిరే దారిన సుమారు 20 కిలోమీటర్లు. మధ్యలో గుట్టలు ఉండడం వల్ల కాలువ వాటిని చుట్టుకుంటూ సుమారు 50 కిలోమీటర్లు నడిచింది. ఇంత దూరంలోనూ అది కిందికి దిగింది పన్నెండు మీటర్లకు కాస్త ఎక్కువ, అంటే సగటున కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు. కొన్ని చోట్ల పది సెంటీమీటర్ల లోపే. గార్డ్ నది మీద సుమారు 49 మీటర్ల ఎత్తున నిలిచిన మూడంతస్తుల వంతెనను చూసి అందరూ ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ పాతిక సెంటీమీటర్లే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. వాటం మరీ ఎక్కువైతే పరుగెత్తే నీరు గచ్చును కోసేస్తుంది, మరీ తక్కువైతే నీరు నిలిచి ఒండ్రు పేరుకుంటుంది. పొరపాటున ఎక్కడైనా అవసరానికి మించి కిందికి దిగారంటే, పోగొట్టుకున్న ఆ ఎత్తును తిరిగి సంపాదించే మార్గం ఉండదు.

దీనికి వాళ్ళు వాడిన సాధనాలు మన మేస్త్రీలకు కొత్తగా అనిపించవు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వర్ణించిన కొరోబేటిస్ అనేది ఇరవై అడుగుల పొడవున్న చెక్క బల్ల. దాని కాళ్ళ పక్కన వేలాడే తూకపు గుండ్లు గీసిన గీతలకు సరిగ్గా తాకితే బల్ల సమతలంగా ఉన్నట్టు లెక్క. గాలికి గుండ్లు ఊగేటప్పుడు బల్ల పైభాగంలో చెక్కిన ఐదడుగుల గాడిలో నీళ్ళు పోసి, అవి రెండు కొసలా అంచును సమానంగా తాకుతున్నాయో లేదో చూసేవారు. నేడు ఇల్లు కట్టేచోట నీళ్ళు నింపిన లెవెల్ పైపు పట్టుకుని చేసే పని కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. కాలువ లోపలి గోడలకు సున్నంలో దంచిన కుండపెంకుల పొడి కలిపి గచ్చు వేసేవారు. సున్నంలో ఇటుకపొడి కలిపి నీటి తొట్లకు పూసిన మన పాత పనివాళ్ళకు తెలిసిన కిటుకే అది: కాల్చిన మట్టి సున్నంతో కలిసి, తడిలోనూ గట్టిపడే గచ్చును ఇస్తుంది.

కొలత తప్పితే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం ఒకటి రాతి మీదే మిగిలింది. నేటి అల్జీరియాలోని బెజాయా పట్టణం పేరు అప్పట్లో సాల్దే. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆ ఊరికి నీరు తేవడానికి కొండను తొలచవలసి వచ్చింది. సైన్యంలో సర్వేయరుగా పనిచేసిన నోనియస్ దాటస్ గుర్తులు వేసి, పటం అప్పగించి వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు మళ్ళీ కబురు వచ్చింది. బయలుదేరిన మనిషిని దారిలో దొంగలు కొట్టి, బట్టలతో సహా దోచుకున్నారు. గాయాలతోనే అక్కడికి చేరేసరికి సొరంగం చెడిందని అందరూ ఏడుస్తున్నారు. రెండు వైపుల నుంచీ తవ్విన పొడవులను కలిపితే కొండ వెడల్పును మించిపోయింది, అయినా సొరంగాలు కలవలేదు. ఎదురెదురుగా వస్తున్న రెండు జట్లూ తమ తమ కుడివైపుకే జరుగుతూ పోయాయని దాటస్ కొలిచి తేల్చాడు. నాటి సైనికులను రెండు జట్లుగా చేసి పోటీ పెట్టి, చివరికి సొరంగాన్ని కలిపి నీరు పారించాడు. అదే అల్జీరియాలోని లాంబేసిస్‌లో దొరికిన శాసనంలో ఈ కథంతా ఆయనే చెప్పుకున్నాడు. పైన చెక్కించిన మూడు మాటలు ఓర్పు, ధైర్యం, ఆశ. ఒక ఇంజనీరు తన పనిలోని తప్పును, దాని దిద్దుబాటును ఇంత విపుల‌ంగా రాతికెక్కించడం అరుదు.

నీరు నగరానికి చేరాక ఇంకో తలనొప్పి మొదలయ్యేది. క్రీ.శ. 97లో రోము నీటి సరఫరాకు అధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్, తాను చూసినదంతా రాసిపెట్టాడు. అప్పటికి నగరానికి తొమ్మిది కాలువలు ఉండేవి. వాటి నిర్వహణకు అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా వదిలివెళ్ళిన 240 మంది, క్లాడియస్ చక్రవర్తి చేర్చిన 460 మంది, మొత్తం 700 మంది బానిసలు పనిచేసేవారు. ఆయన దస్త్రాలు తిరగేస్తే, నీటికి వాళ్ళ కొలత అయిన క్వినేరియాల్లో, వచ్చిన నీరు 12,755 అనీ, పంచిన నీరు 14,018 అనీ ఉంది. రాబడి కంటే ఖర్చు ఎక్కువగా ఉన్న ఈ లెక్క ఆయనకు మింగుడు పడలేదు. తానే కాలువల మొదళ్ళకు వెళ్ళి కొలిస్తే, దస్త్రాల్లో ఉన్నదానికంటే సుమారు పదివేల క్వినేరియాలు ఎక్కువగా వస్తున్నట్టు తేలింది.

క్వినేరియా అనే ఈ కొలతకు ఆధారం సుమారు 2.3 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం. ఇంటికి నీరు మంజూరైనవారు తొట్టి గోడకు ముద్ర వేసిన కంచు తూమును బిగించుకోవాలి. సీసమైతే సాగదీసి వెడల్పు చేయవచ్చు, కంచుతో అది కుదరదు. తూము దాటాక యాభై అడుగుల దాకా అంతకంటే లావు గొట్టం వేయరాదని కూడా నియమం ఉంది, ఎందుకంటే ఇవతల లావు గొట్టం ఉంటే తూము ఎక్కువ నీటిని గుంజుతుంది. అయినా కాలువ పనివాళ్ళే ముద్రలేని తూములు పెట్టేవారు, వీధుల కింద దొంగగొట్టాలు వేసి డబ్బుకు నీరమ్మేవారు, ఒక హక్కుదారు పోయి మరొకరు వస్తే కొత్త రంధ్రం చేసి పాతదాన్ని తమ వ్యాపారానికి ఉంచుకునేవారు. కాలువ చివరి భూముల రైతులకు పైవాళ్ళ పైపుల సంగతి బాగా తెలుసు గనుక, ఈ పుటలు తెలుగువారికి వింతగా ఏమీ ఉండవు. ఫ్రాంటినస్ ఆ గొట్టాలను పీకిస్తే బయటపడ్డ సీసమే చాలా ఉందట.

తేడా అంతా దొంగతనమే అనుకోవడంలో మాత్రం ఆయన పూర్తిగా సరి కాదు. ఆయన కొలిచింది గొట్టం నోటి వైశాల్యాన్ని. గొట్టంలోంచి వచ్చే నీరు వైశాల్యంతో పాటు వేగం మీద, తూము పైన నిలిచిన నీటి లోతు మీద ఆధారపడుతుంది. వేగంగా పారే నీరు కొలతను మించుతుందని ఆయన గమనించాడు కూడా, కాని వేగాన్ని కొలిచే పద్ధతి ఆయన దగ్గర లేదు. ఆ పదివేలలో ఎంత దొంగల వాటా, ఎంత కొలత వాటా అన్నది ఇప్పుడు విడదీయలేం.

సీసపు గొట్టాలే రోమును ముంచాయనే మాట తరచు వినిపిస్తుంది. సీసం మంచిది కాదని, మట్టి గొట్టాలే మేలని విట్రూవియస్ అప్పుడే రాశాడు. రోము నీటిలో సీసం పాలు ఊట నీటి కంటే చాలా హెచ్చుగా ఉండేదని 2014లో వెలువడిన పరిశోధన చూపింది; అయితే నిజంగా హాని చేసే స్థాయి కాదనే ఆ శాస్త్రవేత్తల అభిప్రాయం. సున్నపు నీరు గొట్టాల లోపల పొర కట్టడం, నీరు నిలవకుండా ఎప్పుడూ పారుతూ ఉండడం కొంత కాపాడి ఉంటాయి.

క్రీ.శ. 537లో గోత్‌లు అనే జర్మానిక్ తెగవారు రోమును ముట్టడించి కాలువలన్నిటినీ తెంచారు. లోపల ఉన్న సేనాని బెలిసారియస్, ఖాళీ అయిన కాలువల గుండా శత్రువు దూరకుండా గోడలు కట్టించాడు. అయినా కొందరు గోత్‌లు ఒక రాత్రి దివిటీలతో ఒక కాలువలోకి దిగారు. కోట గోడ దగ్గర కాపలా ఉన్న సైనికుడికి పగులులోంచి వెలుగు కనిపించింది. తోటివాళ్ళకు చెబితే, అది తోడేలు కళ్ళ మెరుపు అయి ఉంటుందని కొట్టిపారేశారు. మర్నాడు ఆ కబురు బెలిసారియస్ చెవిన పడింది. ఆయన వెంటనే మనుషులను లోపలికి పంపించాడు. శతాబ్దాల తరబడి నీళ్ళు మాత్రమే నడిచిన ఆ గచ్చు మీద వాళ్ళకు దివిటీల నుంచి కారిన చుక్కలు కనిపించాయి. ఆ నాటి నుంచి ఎండిన కాలువకూ కాపలా ఉంది.