సాక్ష్యం ఎవరి పని? తాడు పట్టుకున్నవాళ్ల కథ

ఆదివారం ఆరాధనలో పాస్టరు ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేస్తారు. "ఈ వారం మీలో ఎంతమంది బయటివాళ్లలో ఒక్కరికైనా యేసు గురించి చెప్పారు? చేతులెత్తండి." మూడు చేతులు లేస్తాయి. అందులో రెండు ప్రతిసారీ లేచేవే. మిగతావాళ్లు బైబిల్లో ఏదో వచనం వెతుకుతున్నట్టు తల దించుకుంటారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర గొణుగుడు మొదలవుతుంది. ఆయనకంటే అదే పని, మనకు అలా కుదురుతుందా అని ఒకరు. మన బ్రతుకే సాక్ష్యం, నోటితో వేరే చెప్పాలా అని ఇంకొకరు. నోరు విప్పనివాడు విశ్వాసి ఎలా అవుతాడని మూడోవారు.

విశ్వాసులను సాక్ష్యానికి పురికొల్పడం సరైనదేనా, అసలు అది ఎవరి బాధ్యత అన్న ఈ గొడవ ఇప్పుడు మళ్లీ రాజుకుంది. రెండు పక్షాలూ అపొస్తలుల కార్యాల దగ్గర మొదలుపెట్టి వాదించుకుంటున్నాయి. పెంతెకొస్తు, పౌలు ప్రయాణాలు, రోము హింసలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని పక్కన పెడదాం. ఈ చిక్కుముడి పడింది మొదటి శతాబ్దంలో కాదు, 1792 అక్టోబరు 2న, ఇంగ్లండులోని కెట్టరింగ్ అనే ఊళ్లో, ఒక ఇంటి వెనక గదిలో.

ఆ గదిలో పద్నాలుగు మంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది చిన్న చిన్న బాప్టిస్టు సంఘాల కాపరులు, ఎవరి చేతిలోనూ పెద్దగా డబ్బు లేదు. ఎవరెంత ఇస్తారో కాగితం ముక్కల మీద రాసి ఒక నశ్యం డబ్బాలో వేశారు. ఆ డబ్బా ఆండ్రూ ఫుల్లర్ అనే కాపరిది, దాని మూత మీద పౌలు మారుమనస్సు పొందిన దృశ్యం చెక్కి ఉండేదని చెబుతారు. లెక్క చూస్తే 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. అదీ వెంటనే చేతికొచ్చే సొమ్ము కాదు, ఇస్తామన్న మాట మాత్రమే. ఆధునిక మిషనరీ సంఘాల చరిత్ర ఆ నశ్యం డబ్బా నుంచే మొదలైందని చాలామంది లెక్కేస్తారు.

వాళ్లను అక్కడిదాకా లాక్కొచ్చింది విలియం కేరీ. అప్పటికి 31 ఏళ్లు. చెప్పులు కుట్టి బతికిన మనిషి, తర్వాత కాపరి అయ్యాడు. అదే ఏడాది ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. "మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అన్న ఆజ్ఞ అపొస్తలులకు మాత్రమే ఇచ్చింది, వాళ్ల తరంతోనే దాని పని ముగిసిందని ఆనాటి ప్రొటెస్టంట్లలో చాలామంది గట్టిగా నమ్మేవారు. కేరీ జవాబు సూటిగా ఉంటుంది. ఆ ఆజ్ఞ అపొస్తలులకే అయితే, అదే వాక్యంలో ఉన్న బాప్తిస్మం కూడా వాళ్లతోనే ఆగిపోవాలి కదా? మరి మనమెందుకు ఇస్తున్నాం? "యుగసమాప్తి వరకు మీతో కూడ ఉన్నాను" అన్న వాగ్దానాన్ని మాత్రం మనది అని ఎలా చెప్పుకుంటున్నాం? దీనికి ఎదురు చెప్పడం కష్టం. ఈ రోజు ఏ పాస్టరైనా ఆ వచనం చదివి "ఇది మీకే" అని సంఘం వైపు చూపుతున్నారంటే, ఆ ధైర్యం కేరీ ఇచ్చిందే.

అయితే ఆ పుస్తకంలోనే ఇంకో ప్రతిపాదన ఉంది. దాన్ని అంతగా ఎవరూ పట్టించుకోరు. ఆజ్ఞ అందరిదీ సరే, మరి అమలు చేసేదెలా? కేరీ తన కాలపు వర్తక కంపెనీలను నమూనాగా చూపించాడు. పట్టుదల ఉన్నవాళ్లు కలిసి ఒక సొసైటీ పెట్టాలి, దానికో కమిటీ ఉండాలి, మనుషుల్ని ఎంచి పంపాలి. పేదవాళ్లు కూడా వారానికి ఒక పెన్నీ చొప్పున ఇవ్వొచ్చు. ఆ రోజుల్లో ఇది గొప్ప ఆలోచనే. రాజులు, బిషప్పుల అండ లేకుండా మామూలు జనం ఒక ప్రపంచ పనిలో చెయ్యి వేయగలిగారు. ఈ మాట చెప్పకపోతే కేరీకి అన్యాయం చేసినట్టే.

ఆ తర్వాత ఫుల్లర్ వాడిన ఒక పోలిక అన్ని దేశాల సంఘాల్లోనూ పాకింది. అంతవరకూ ఎవరూ దిగని లోతైన గని ముందు నిలబడి తర్జనభర్జన పడుతుంటే, "నేను దిగుతాను, మీరు తాడు పట్టుకోండి" అని కేరీ అన్నట్టుగా ఉందని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు. బతికున్నంతకాలం తాడు వదలమని గని అంచున మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నట్టే ఉందన్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. 1815లో చనిపోయేదాకా సొసైటీ కార్యదర్శిగా ఊరూరూ తిరిగి డబ్బు పోగుచేశాడు.

నా ఉద్దేశంలో ఈనాటి గొడవ పుట్టింది ఆ తాడు దగ్గరే. "ఇది ప్రతి విశ్వాసి పని" అని రుజువు చేసిన పుస్తకమే దాన్ని రెండు పనులుగా చీల్చింది. దిగేవాళ్లు కొందరు, తాడు పట్టుకునేవాళ్లు అందరూ. తాడు పట్టుకోవడమంటే ప్రార్థించడం, కానుక ఇవ్వడం, ఉత్తరాలు చదివి సంతోషించడం. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఏర్పాటు బాగా కుదురుకుంది. మిషనరీ పత్రికలు, కానుక డబ్బాలు, ఏడాదికోసారి మిషను ఆదివారం వచ్చాయి. తరాలు గడిచేసరికి తాడు పట్టుకోవడమే విధేయత అయిపోయింది. పక్కింటివాడితో మాట్లాడటం మాత్రం ఎవరి జాబితాలోనూ లేకుండా పోయింది.

భాష కూడా దీనికి సాయం చేసింది. ప్రసంగాల్లో బరువంతా "వెళ్లి" అన్న మాట మీద పడింది. మన తెలుగు బైబిల్లో చూడండి, "వెళ్లి" అసమాపక క్రియ. వాక్యాన్ని ముగించే క్రియ "చేయుడి". గ్రీకులోనూ అంతే, ప్రధాన క్రియ శిష్యులుగా చేయడమే. బరువు "వెళ్లి" మీద పడ్డాక, ఎక్కడికీ వెళ్లని మనిషికి ఆ వచనం తగలకుండా పక్కనుంచి పోయింది.

ఇప్పుడు కావాలంటే మొదటి శతాబ్దానికి ఒక్క క్షణం తిరిగి వెళ్లొచ్చు, ఒకే ఒక్క వచనం కోసం. స్తెఫను చనిపోయాక యెరూషలేములో హింస మొదలైంది, "అపొస్తలులు తప్ప" అందరూ చెదరిపోయారని అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. "చెదరిపోయినవారు సువార్త వాక్యమును ప్రకటించుచు సంచారముచేసిరి." అంటే నాయకులు ఊళ్లోనే ఉన్నారు. ప్రాణభయంతో పరిగెత్తిన మామూలు జనమే దారి పొడుగునా చెప్పుకుంటూ పోయారు. వాళ్లను ఎవరూ పంపలేదు, వాళ్ల వెనక ఎవరూ తాడు పట్టుకోలేదు.

దీనికి శత్రువు సాక్ష్యం కూడా ఉంది. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే తత్వవేత్త క్రైస్తవుల్ని ఎగతాళి చేస్తూ రాశాడు. ఇళ్లలో ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చదువు సంధ్యలు లేనివాళ్లు పెద్దల ముందు నోరు మెదపరు గానీ, పిల్లలు, ఆడవాళ్లు ఒంటరిగా దొరికితే మాత్రం తమ మతం గురించి ఊదరగొడతారని అతని ఫిర్యాదు. ఆ మాటలకు బదులిస్తూ మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ తన గ్రంథంలో ఎత్తి రాయబట్టి అవి మనకు మిగిలాయి. చెప్పులు కుట్టేవాళ్ల పేరు ఆ జాబితాలో ఉండటం, పదహారు వందల ఏళ్ల తర్వాత చెప్పులు కుట్టిన కేరీయే ఈ చర్చను తిరగదోడటం చూస్తే కాస్త నవ్వొస్తుంది.

కేరీ కంటే అరవై ఏళ్ల ముందే ఇంకో దారి ఉండేది. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్ నుంచి మొరేవియన్లు అనే ప్రొటెస్టంటు శాఖకు చెందిన ఇద్దరు కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి, బానిసల దగ్గరికి బయల్దేరారు. ఒకరు కుమ్మరి, ఒకరు వడ్రంగి. చేతిపనితోనే బతుకుదామన్నది వాళ్ల ఆలోచన. ఆ గుంపులో దిగేవాళ్లకూ తాడు పట్టుకునేవాళ్లకూ మధ్య గీత పల్చగా ఉండేది.

కేరీకి కూడా అసలు విషయం గని లోపలికి దిగాకే తెలిసింది. 1793లో బెంగాలుకు చేరాడు. ఏడేళ్లపాటు ఒక్క బెంగాలీ కూడా బాప్తిస్మం తీసుకోలేదు. 1800 డిసెంబరు 28న సేరంపూర్ దగ్గర హుగ్లీలో మొదటి బాప్తిస్మం పొందిన కృష్ణ పాల్ ఒక వడ్రంగి. చెయ్యి పట్టు తప్పితే, కేరీతో ఉన్న డాక్టర్ థామస్ సరిచేశారు, పరిచయం అలా మొదలైంది. ఆ తర్వాత కృష్ణ పాల్ తనవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు, ప్రసంగీకుడూ అయ్యాడు. 1805లో సేరంపూర్ మిషనరీలు రాసుకున్న ఒప్పందంలో, ఈ నేల మనుషుల నోటి ద్వారానే సువార్త అంతటా వ్యాపిస్తుందని ఒప్పుకున్నారు. ఇంగ్లండులో తాడు పట్టుకున్నవాళ్లకు ఈ సంగతి ఎంతవరకు ఎక్కిందో అనుమానమే.

ఈ గీతను నిజంగా చెరిపేసిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో, కేరీ పేరున్న గ్రంథాలయంలోనే నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది, దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ముఖం మీదే "మాకు స్నేహితుల్ని ఇవ్వండి" అని అడిగి కలకలం రేపింది కూడా ఆయనే. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన ప్రజల్లో చాలామంది చదువు రాని దళిత కూలీలు. పర్యటనలకు వెళ్లినప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లందరి చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని పలికించేవారు. మాట పౌలుది, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోది. కానీ పౌలు తన గురించి చెప్పుకున్న మాటను అక్షరం రాని కూలీ చేత, బాప్తిస్మపు నీళ్లు పడిన తల మీదే చెయ్యి పెట్టించి చెప్పించడమంటే, ఆ పనికి వేరే పట్టం ఏదీ అవసరం లేదన్నట్టే. దోర్నకల్‌లో జీవితమా, మాటా అన్న పేచీ కూడా పెద్దగా రాలేదు. కూలీల బ్రతుకులో మార్పు చూసి, కారణమేంటని పై కులాల వాళ్లు అడిగిన ఊళ్లున్నాయి. అడిగినప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర మాట ఉంది.

"బ్రతుకే చాలు" అనే పక్షం తరచూ ఎత్తే మాట ఒకటుంది. ఎప్పుడూ సువార్త ప్రకటించు, అవసరమైతే మాటలు వాడు అని అస్సీసీ ఫ్రాన్సిస్ చెప్పారట. ఆయన రచనల్లో ఎక్కడా ఆ వాక్యం లేదు. సహోదరులందరూ తమ క్రియల ద్వారా ప్రకటించాలని 1221 నాటి ఆయన నియమావళిలో ఉన్న మాట నిజమే. అయితే ఫ్రాన్సిస్ నోరు కట్టుకుని కూర్చున్న మనిషి కాదు, ఊరూరా ప్రసంగించినవాడు. ఈ పక్షానికి అంతకంటే గట్టి ఆధారం 1975లో పోప్ ఆరవ పౌలు రాసిన పత్రం. ఈ కాలపు మనిషి బోధకుల కంటే సాక్షుల మాటనే ఎక్కువ వింటాడని అందులో ఉంది. అదే పత్రంలో, ఎంత మంచి జీవిత సాక్ష్యమైనా వివరించి చెప్పకపోతే చివరికి నిలవదని కూడా ఉంది. దాన్ని ఎవరూ ఎత్తడం లేదు.

"నోరు విప్పాల్సిందే" అనేవాళ్లు కూడా ఒకచోట తప్పటడుగు వేశారు. 1960ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో జేమ్స్ కెనెడీ అనే కాపరి సంఘం 45 మంది నుంచి 17కు పడిపోయింది. ఆయన వేరే ఊళ్లో ఒక కాపరి వెంట ఇల్లిల్లూ తిరిగి, సాక్ష్యం ఎలా చెబుతారో కళ్లారా చూసి నేర్చుకున్నారు. తిరిగొచ్చి తన విశ్వాసుల్ని అలాగే వెంటబెట్టుకుని తిరిగారు. పట్టు అక్కడుంది, పక్కన నడుస్తూ నేర్పడంలో. ఆ పద్ధతి దేశదేశాలకూ వెళ్లేసరికి చాలాచోట్ల నడక పోయింది, బట్టీ పట్టిన ప్రశ్నలు మిగిలాయి. "ఈ రాత్రి చనిపోతే" అని మొదలయ్యే ప్రశ్న వింటే ఎదుటి మనిషికి టెన్షన్ రాకుండా ఉంటుందా? మొహమాటస్థుడైన విశ్వాసికి అంతకంటే ఎక్కువ టెన్షన్.

ఇప్పటి లెక్కలు చూస్తే తాడు ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. అమెరికాలో బార్నా అనే సర్వే సంస్థ 1993లో, మళ్లీ పాతికేళ్ల తర్వాత, తమ విశ్వాసం గురించి ఇతరులతో మాట్లాడిన క్రైస్తవులనే అడిగింది. చెప్పడం ప్రతి క్రైస్తవుడి బాధ్యత అన్నవాళ్లు 89 శాతం నుంచి 64కు దిగారు. అది స్థానిక సంఘం చూసుకోవాల్సిన పని అన్నవాళ్లు పదిలో ఒకరి నుంచి పదిలో ముగ్గురి దాకా పెరిగారు. 2019లో వచ్చిన ఇంకో సర్వేలో, వేరే మతం మనిషి తన విశ్వాసంలోకి రావాలన్న ఆశతో మాట్లాడటం తప్పని, ఆచరించే క్రైస్తవ యువతలో 47 శాతం ఎంతో కొంత ఒప్పుకున్నారు. అదే యువతలో దాదాపు అందరూ సాక్షిగా ఉండటం విశ్వాసంలో భాగమేనన్నారు.

ఆ 47 శాతం భయాన్ని కొట్టిపారేయలేం. ఆశ చూపి, ఒత్తిడి పెట్టి మనుషుల్ని మార్చిన చరిత్ర ఉంది. అందుకే 2011లో ప్రపంచ సంఘాల మండలి, వాటికన్, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి మూడూ కలిసి ఒక పత్రం విడుదల చేశాయి. ప్రలోభం, మోసం, బలవంతం వద్దని రాశాయి, సాక్ష్యం మానమని రాయలేదు.

ఇక మిగిలింది ఒక కామా. సంఘానికి దేవుడు కాపరులను, ఉపదేశకులను ఎందుకిచ్చాడో ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు చెబుతాడు. 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో "పరిశుద్ధులను (అంటే విశ్వాసులందరినీ) సిద్ధపరచడానికి" తర్వాత ఒక కామా ఉంది, ఆ తర్వాతే "పరిచర్య పని కోసం" వస్తుంది. అలా చదివితే రెండూ కాపరి పనులే. తర్వాతి అనువాదాలు చాలావాటిలో ఆ కామా తీసేశారు. అప్పుడు కాపరి పని పరిశుద్ధులను సిద్ధపరచడం, పరిచర్య పరిశుద్ధుల పని అయింది. ఆదివారం చేతులెత్తమన్న పాస్టరు, గుమ్మం దగ్గర గొణిగినవాళ్లు ఈ రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదువుకోవచ్చు.