పెద్ద కుక్కను ఎలా చూడాలి

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఇద్దరూ పోటీపడి అడిగారు, 80 కిలోల సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్కను కొనమని నాన్నకు చెప్పమని. చూద్దాంలే అన్నాను గానీ అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా చేసినవాణ్ణి, మీకు ఓపిగ్గా చెప్పాలనిపించింది.

ముందు ఆ జాతికి పేరు తెచ్చిన బారీ అనే కుక్క గురించి చెబుతాను. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ అనే కనుమ ఉంది. ఎత్తు 2,469 మీటర్లు. అక్కడ బాటసారుల కోసం క్రైస్తవ సన్యాసులు నడిపే పాత సత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఆ సత్రం కాపలాకే పెద్ద కొండ కుక్కల్ని తెచ్చి పెంచారు. మంచులో దారి తప్పినవాళ్లను వెతికే పని వాటికి తర్వాత అబ్బింది. 1800లో పుట్టిన బారీ నలభై మందికి పైగా ప్రాణాలు కాపాడిందని చెబుతారు. 1814లో అది చనిపోయాక చర్మాన్ని బెర్న్ నగరంలోని మ్యూజియంలో భద్రం చేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ బారీ బరువు ఎంతనుకున్నారు? 40 నుంచి 45 కిలోలు. ఇప్పటి మగ సెయింట్ బెర్నార్డ్ 65 నుంచి 80 కిలోలు తూగుతుంది. 1923లో, ఆ చర్మంతో చేసిన బారీ బొమ్మ పాతబడిందని మళ్లీ సరిచేస్తూ, దాని తలను, నిలబడిన తీరును అప్పటి సెయింట్ బెర్నార్డ్‌లకు దగ్గరగా మార్చేశారు. మొదట తల వంచుకుని ఉండేదట, దాన్ని పైకెత్తారు. అంటే ఏ కుక్క వల్ల ఆ జాతికి పేరొచ్చిందో, ఆ కుక్కనే కొత్త రూపానికి తగ్గట్టు దిద్దారు. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

ఆ కొత్త రూపం ఎక్కడిదో చెబుతాను. 19వ శతాబ్దం చివర్లో కెనెల్ క్లబ్బులు, అంటే కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘాలు పుట్టాయి. ఒక్కో జాతి ఎలా ఉండాలో కాగితం మీద రాసుకోవడం మొదలైంది. ఎత్తు, తల, చెవులు, ఛాతీ, నడక, రంగు, స్వభావం అన్నీ అందులో ఉంటాయి. దాన్నే బ్రీడ్ స్టాండర్డ్ అంటారు. సెయింట్ బెర్నార్డ్‌ను 1887లో స్విస్ జాతిగా గుర్తించి, దాని స్టాండర్డ్‌ను ఖాయం చేశారు. కాగితం ఉండటం తప్పు కాదు పిల్లలూ. అది లేకపోతే ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెంచుతారు, జాతే కలిసిపోతుంది. చిక్కంతా దాన్ని చదివే తీరులో ఉంది. ఇప్పటి అంతర్జాతీయ స్టాండర్డ్ ప్రకారం మగదాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. ఒళ్లు పొందికగా ఉండి, నడక సరిగ్గా ఉంటే 90 దాటినా తప్పు పట్టకూడదని కూడా రాశారు. జనం "90 దాటినా" అన్నంతవరకే చదువుతారు. నడక మాట వదిలేస్తారు.

పెద్దదైతే ఏమవుతుందంటారా? ఈసారి అమ్మమ్మ మైసూర్‌పాక్ చేసినప్పుడు అన్ని వైపులా సమానంగా ఉన్న ముక్క ఒకటి తీసుకోండి. దానికి అన్ని వైపులా రెండింతలుండే ముక్క చెయ్యాలంటే చిన్న ముక్కలు ఎనిమిది పేర్చాలి. బరువు ఎనిమిదింతలైంది. కానీ పళ్లెం మీద ఆనే చోటు నాలుగింతలే. కాలి ఎముక సంగతీ అంతే. ఒళ్లు పెరిగినంత వేగంగా ఎముక బలం పెరగదు. అందుకే భారీ జాతి కుక్కకు కీళ్లే ముందు అరుగుతాయి, ఆయుష్షూ చిన్న కుక్కల కంటే తక్కువ.

ఒక మే నెల మధ్యాహ్నం నా దగ్గరికి పద్నాలుగు నెలల సెయింట్ బెర్నార్డ్‌ను తెచ్చారు. కారులోంచి దుప్పటిలో వేసి ఇద్దరు మోసుకొచ్చారు. 70 కిలోలు. కింది రెప్పలు జారిపోయి లోపలి ఎర్రటి పొర కనబడుతోంది, అందులో దుమ్ము. లేవబోయి ముందుకాళ్ల మీద ఒళ్లంతా లాగుతోంది, వెనక కాళ్లు కుందేలులా రెండూ కలిపి వేస్తోంది. ఎక్స్‌రే తీస్తే తుంటి గూడు గిన్నెలా లోతుగా ఉండాల్సింది సాసర్‌లా పలచగా ఉంది. హిప్ డిస్‌ప్లేజియా. ఇది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, బరువు దాన్ని ఇంకా ముదరబెడుతుంది. అమ్మినాయన ఎముక లావవ్వాలని చెప్పాడని పిల్లగా ఉన్నప్పటి నుంచి క్యాల్షియం సిరప్ పట్టించారు. పెద్ద జాతి పిల్లకు ఎక్కువైన క్యాల్షియాన్ని వద్దనే శక్తి పేగులకు ఉండదు, ఇచ్చింది చాలావరకు ఒంటికి పట్టేస్తుంది, ఎముకలు వంకర తిరుగుతాయి. వాటి ఎముకలు ముదరడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా నిదానంగా పెరగాలి. ఆ ఇంటివాళ్లకు కుక్కంటే ప్రాణం. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేనూ మాట్లాడలేకపోయాను.

ఇక కాపలా కుక్క ఒళ్లు ఎలా ఉండాలో టర్కీ వాళ్ల కంగాల్‌ను చూస్తే తెలుస్తుంది. సివాస్ అనే ప్రాంతంలో గొర్రెల మందల వెంట తిరిగే కుక్క అది. గోధుమ రంగు ఒళ్లు, నల్లటి మూతి. మగది 72 నుంచి 78 సెంటీమీటర్లు, బరువు 48 నుంచి 60 కిలోలు. సెయింట్ బెర్నార్డ్‌తో ఇంచుమించు సమానమైన ఎత్తు, బరువు మాత్రం బాగా తక్కువ. ఎందుకంటే అది రోజంతా మందతో నడవాలి, రాత్రి మేలుకోవాలి, తోడేలు వస్తే దానికీ గొర్రెకూ మధ్య నిలబడాలి. చాలాసార్లు దాని ఆకారం, అరుపు చూసే తోడేలు వెనక్కి తగ్గుతుంది. ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుంచి ఇలాంటి కుక్కల్నే మేకల మందలకు ఇస్తున్నారు. కుక్క ఉంటే, పిల్లి కుటుంబానికి చెందిన చీతా మేకల్ని పట్టదు కాబట్టి రైతు దాన్ని కాల్చడు. కుక్క కాపలా మేకకే కాదు, చీతాకు కూడా. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా సంతోషమే.

బ్రిటన్‌లో 2009లో అక్కడి కెనెల్ క్లబ్ తన స్టాండర్డ్‌లను సవరించింది. ఆరోగ్యానికి చేటు చేసే అతి లక్షణాలు రాకుండా పెంచేవాళ్లు, జడ్జీలు చూసుకోవాలని ప్రతి జాతి కాగితం మొదట్లోనే చేర్చింది. మంచి పని.

మీరు ఏ పెద్ద కుక్కను చూసినా ముందు బరువు అడగొద్దు. నడిపించమనండి. వెనక నుంచి చూస్తే వెనక కాళ్లు తిన్నగా పడాలి, నడుం అటూ ఇటూ ఊగకూడదు. పక్కకొచ్చి చూస్తే ఛాతీ ముందుకాలి మోచేతి దాకా దిగి ఉండాలి, ఊపిరికి చోటు కావాలి కదా. యజమానిని అడిగి డొక్క మీద చెయ్యి పెట్టండి, పక్కటెముకలు వేళ్లకు తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే ఒళ్లు ఎక్కువైనట్టే. రెప్పలు కంటికి అతుక్కుని ఉండాలి. అపరిచితుణ్ణి చూస్తే నిలబడి గమనించాలి గానీ, వణకకూడదు, మీద పడకూడదు. ఇక పిల్లను కొనేటప్పుడైతే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమనాలి. చూపించనివాడి దగ్గర కొనకూడదు.

మీ హైదరాబాద్ ఫ్లాట్‌లో, మూడో అంతస్తులో, మన ఎండల్లో మంచుకొండల కుక్క సంగతి మీరే ఆలోచించండి. నాన్నతో నేను మాట్లాడతాను, కానీ సెయింట్ బెర్నార్డ్ కోసం కాదు.

దసరాకు మీరొచ్చేసరికి మన చేలో గొర్రెల మంద కట్టించాలని అనుకుంటున్నాను. గొర్రెల కాపరుల వెంట ఒక బూడిద రంగు ఊరకుక్క వస్తుంది, పాతిక కిలోలు కూడా ఉండదు. రాత్రి దడి చుట్టూ అది ఎలా తిరుగుతుందో మంచం మీద కూర్చుని చూద్దాం. పొద్దున్నే కాపరిని అడిగి దాని మూపు దగ్గర ఎత్తు కొలుద్దాం. టేపు బీరువాలో తీసి పెట్టాను.

ఇట్లు,
మీ తాతయ్య